బెన్ చేతి వాచీ, సూపర్‌మ్యాన్ వలయాలు

పదేళ్ల బెన్ టెన్నిసన్ మణికట్టుకు అతుక్కుపోయిన వాచీ పేరు ఆమ్నిట్రిక్స్. దాన్ని తిప్పి అదిమితే నాలుగు చేతుల బలశాలిగానో, ఒళ్లంతా నిప్పులు కక్కే రూపంగానో మారిపోతాడు. కాసేపటికే వాచీ ఎర్రగా మెరిసి కూత పెడుతుంది. శత్రువు ఎదురుగా నిలబడి ఉండగానే బెన్ మళ్లీ మామూలు పిల్లాడైపోతాడు. 2005 డిసెంబర్‌లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై, తర్వాత తెలుగు మాటలతో మన ఇళ్లకూ వచ్చిన 'బెన్ 10' కార్టూన్‌కు ప్రాణం ఈ వాచీయే. అది శక్తినిచ్చే తీరులో ఎంత ఆకర్షణ ఉందో, శక్తిని వెనక్కి లాక్కునే తీరులోనూ అంతే ఉంది. సూపర్‌హీరో కార్టూన్‌ను వీడియో గేమ్‌గా మార్చేవాళ్లు ఎక్కువగా మొదటిదాన్నే చూస్తారు: ఎగరడం, గుద్దడం, మంటలు విసరడం. ఆట నిలబడేది మాత్రం రెండోదాని మీద. హీరోకు అతని కథే పెట్టిన హద్దు ఏమిటో గుర్తించి, దాన్ని ఆట నియమంగా మలిస్తేనే అది ఆ హీరో ఆట అవుతుంది. లేకపోతే వేషం మాత్రమే ఆ హీరోది, ఆట ఎవరిదైనా కావచ్చు.

2007లో వచ్చిన 'బెన్ 10: ప్రొటెక్టర్ ఆఫ్ ఎర్త్'నే తీసుకుందాం. హై వోల్టేజ్ సాఫ్ట్‌వేర్ తయారుచేయగా డీ3 పబ్లిషర్ విడుదల చేసిన ఈ ఆట ప్లేస్టేషన్ 2, పీఎస్‌పీ, నింటెండో వీల మీద వచ్చింది. కార్టూన్ తొలి ఎపిసోడ్లలో వాచీలో పది రూపాలుంటే ఇక్కడ ఆడటానికి దొరికేవి ఐదే: బలానికి ఫోర్ ఆర్మ్స్, నిప్పుకు హీట్‌బ్లాస్ట్, వేగానికి ఎక్సెలరేట్, తీగల్లా సాగే చేతులకు వైల్డ్‌వైన్, బంతిలా చుట్టుకుని దొర్లడానికి కానన్‌బోల్ట్. రూపం మారినప్పటి నుంచీ తెర మీది శక్తి పట్టీ తరుగుతుంది. అది అయిపోతే చేతిలో మిగిలేది పదేళ్ల పిల్లాడూ, అతని చిన్న చిన్న తన్నులూ. అందుకే ఆడేవాడు ఎప్పుడు మారాలి, ఎంతసేపు ఉండాలి, ఏ రూపాన్ని ఏ గుంపు కోసం దాచుకోవాలి అని లెక్క వేసుకుంటాడు. అచ్చంగా కార్టూన్‌లో బెన్ పడే హైరానా అది. ఆట గొప్పదేమీ కాదు. ఒకే రకం శత్రువులు మళ్లీ మళ్లీ వస్తారు. బెన్ అడిగిన రూపం కాకుండా వాచీ మరేదో ఇచ్చి అల్లరిపెట్టే సరదా కూడా ఇందులో లేదు. మీట నొక్కినవాడికి కోరింది రాకపోతే విసుగొస్తుందని వదిలేసి ఉండొచ్చు. అయినా ఆ ఒక్క పట్టీ ఉన్నందుకే పిల్లలకు బెన్‌ను దూరం నుంచి చూస్తున్నట్టు కాక, తామే బెన్ అయినట్టు అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది 1999లో ఫ్రాన్స్‌కు చెందిన టైటస్ కంపెనీ నింటెండో 64 కోసం తెచ్చిన సూపర్‌మ్యాన్ ఆట. 'సూపర్‌మ్యాన్ 64' అనే పేరే జనంలో స్థిరపడింది. 1996లో మొదలైన 'సూపర్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్' దీనికి ఆధారం. సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ ఒక మాయా మెట్రోపోలిస్ నగరాన్ని సృష్టించి సూపర్‌మ్యాన్ స్నేహితులను అందులో బంధిస్తాడు. వాళ్లను విడిపించడానికి సూపర్‌మ్యాన్ ఏం చేయాలి? గాలిలో తేలుతున్న వలయాల గుండా, గడువు లోపల, ఒకదాని తర్వాత ఒకటిగా దూరుతూ పోవాలి. నగరమంతా పచ్చటి పొగమంచు. దూరపు భవనాలను చూపించలేని యంత్రం బలహీనతను కప్పడానికి దాన్ని సూపర్‌మ్యాన్‌ను నీరసపరిచే క్రిప్టోనైట్ పొగమంచు అన్నారు. చరిత్రలోని అతి చెత్త ఆటల జాబితా ఎవరు రాసినా ఇప్పటికీ ఇది అందులో ఉంటుంది.

అది సాంకేతిక వైఫల్యమే కదా, కథకూ హద్దుకూ దానితో ఏం సంబంధం అని అడగవచ్చు. మీటలు సరిగ్గా పనిచేయకపోవడం, లోపాలు సరిదిద్దకుండానే విడుదల కావడం, హక్కుదారుల నుంచి అడ్డంకులు ఎదురయ్యాయని తయారీదారులు తర్వాత చెప్పడం, ఇవన్నీ నిజమే. కానీ మీటలన్నీ చక్కగా పనిచేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. చక్కగా ఎగిరే సూపర్‌మ్యాన్ అవే వలయాల్లో చక్కగా దూరేవాడు. గుళ్లు తగిలినా ఏమీ కాని మనిషికి పెట్టదగిన పరీక్ష ఏమిటన్న ప్రశ్న అప్పుడూ అలాగే ఉండేది. ఏడేళ్ల తర్వాత, 2006లో, ఇంతకంటే ఎంతో శక్తిమంతమైన యంత్రాల మీద ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్' ఆట తెచ్చింది. అది సినిమా వెంట వచ్చిన ఆట, అంత గొప్పగానూ ఆడలేదు. కానీ అందులో ఒక తెలివైన నిర్ణయం ఉంది. ప్రాణం పట్టీ సూపర్‌మ్యాన్‌కు పెట్టలేదు, నగరానికి పెట్టారు. అతనికి దెబ్బ తగలదు, అతను కాపాడాల్సిన ఊరికి తగులుతుంది. ఆ పట్టీ ఖాళీ అయితే ఓటమి. సూపర్‌మ్యాన్ హద్దు అతని ఒంట్లో లేదని, అతను మోస్తున్న బాధ్యతలో ఉందని వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు.

ఇంతకంటే పదునైన ప్రశ్న మరొకటి ఉంది. గడువే హద్దు అయితే, సూపర్‌మ్యాన్ వలయాలకూ గడువుంది, బెన్ వాచీకీ గడువుంది. ఒకటి ఎందుకు పాసై మరొకటి ఎందుకు ఫెయిలైంది? ఎందుకంటే వలయాల గడువు సూపర్‌మ్యాన్‌ది కాదు. ఆ చోట విమానాన్ని పెట్టినా, పక్షిని పెట్టినా అదే గడువు, అవే వలయాలు. వాచీ గడువు మాత్రం బెన్ నుంచి విడదీయలేనిది, మొదటి ఎపిసోడ్ నుంచీ అతని చేతికే ఉన్నది. కాబట్టి ఆటలో కష్టం ఉందా లేదా అన్నది కాదు, ఆ కష్టం ఎక్కడి నుంచి పుట్టిందన్నది ముఖ్యం. బయటి నుంచి తెచ్చి తగిలించిన కష్టం చాకిరీలా తోస్తుంది. హీరో స్వభావం నుంచి పుట్టిన కష్టం మాత్రం కథలో భాగమైపోతుంది.

ఈ సూత్రానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం బ్యాట్‌మ్యాన్. 1992 సెప్టెంబర్‌లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్' నల్ల కాగితం మీద రంగులు వేసిన రాత్రి దృశ్యాలతో, కెవిన్ కాన్రాయ్ గంభీరమైన గొంతుతో, జోకర్‌గా మార్క్ హామిల్ నవ్వుతో ఒక తరానికి అసలైన బ్యాట్‌మ్యాన్ ఎలా ఉంటాడో చూపించింది. హార్లీ క్విన్ పాత్ర పుట్టింది కూడా అక్కడే. దాని మీద వెంటనే చాలా ఆటలు వచ్చాయి. కానీ ఆ కార్టూన్ ఆత్మను పట్టుకున్నది 2009లో లండన్‌లోని రాక్‌స్టెడీ స్టూడియో చేసిన 'బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ అసైలమ్' అని నా అభిప్రాయం. పేరుకు అది ఆ సీరియల్ ఆట కాదు. అయితే రాసింది ఆ సీరియల్ రచయితల్లో ఒకరైన పాల్ డీని, గొంతులు మళ్లీ కాన్రాయ్, హామిల్‌లవే. బ్యాట్‌మ్యాన్‌కు మానవాతీత శక్తులు లేవు, అతను ఎవర్నీ చంపడు. ఆట ఈ రెండు నిజాలనూ నియమాలుగా మార్చింది. తుపాకీ ఉన్నవాళ్లకు ఎదురెళితే క్షణాల్లో ఓటమి. అందుకని పైకప్పు దగ్గరి రాతి విగ్రహాల మీద చీకట్లో కూర్చుని, ఒక్కొక్కణ్ణే చడీచప్పుడు లేకుండా దించాలి. మిగిలినవాళ్లలో భయం ఎంత పెరుగుతోందో కూడా ఆట కొలిచి చూపిస్తుంది. ఓడినవాళ్లు స్పృహ తప్పుతారు, చావరు. తనలో లేని శక్తికి బదులు బ్యాట్‌మ్యాన్ వాడేది ఎదుటివాడి భయాన్ని అని కార్టూన్ చెప్పింది. ఇక్కడ ఆడేవాడు ఆ భయాన్ని తన చేత్తో పుట్టిస్తాడు.

పిల్లలు ఆట కొనేది శక్తి కోసమే కదా, హద్దుల కోసం ఎవరు డబ్బు పెడతారు అనేవాళ్లున్నారు. ఈ మాటలో సగం నిజముంది. 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2' ఆటను జనం ఇప్పటికీ తలుచుకునేది న్యూయార్క్ వీధుల్లో ఊగుతూ పోయే ఆనందం కోసమే. కానీ ఆ ఊగడం అంత బాగుండడానికి కారణం, అంతకుముందు ఆటల్లోలాగా సాలెదారం ఉత్త ఆకాశానికి అతుక్కోకపోవడం. అక్కడ భవనం ఉంటేనే దారం పడుతుంది. ఆసరా లేని చోట నేల మీదికి రావాల్సిందే. ఆ ఆనందాన్ని ఇచ్చింది కూడా హద్దే.

మన దగ్గరి ప్రయత్నం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. దేశంలోనే తయారైన కన్సోల్ ఆటగా అప్పట్లో పేరొచ్చింది, సమీక్షల్లో మాత్రం దెబ్బతింది. ప్రయత్నం చిన్నది కాదు, అది ఎన్నుకున్న కథ అంతకన్నా కాదు. అల్లరి పట్టలేక మునులు బాల హనుమంతుడికి ఇచ్చిన శాపం మనకు తెలుసు: మరొకరు గుర్తుచేసేదాకా తన బలం తనకు తెలియదు. సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేస్తే తప్ప లంకకు లంఘించలేదు. ఇంత చక్కటి ఆట నియమం ఏ అమెరికన్ సూపర్‌హీరో కథలోనూ నాకు కనిపించలేదు. బెన్ శక్తి గడియారంతో పోతుంది, హనుమంతుడి శక్తి మాత్రం పక్కనున్నవాడి మాటతో వస్తుంది. అంటే ఈ ఆటను ఇద్దరు ఆడాలి. ఒకరు హనుమంతుడు, రెండోవారు జాంబవంతుడు. రెండోవారి చేతిలో గద ఉండదు, పోరాటమూ ఉండదు. సరైన సమయంలో సరైన బలాన్ని గుర్తుచేయడమే ఆ ఆటగాడి పని. గుర్తుచేయకపోతే మొదటివాడు మామూలు వానరంగానే నిలబడి ఉంటాడు. హైదరాబాద్‌లో యానిమేషన్, గేమ్ స్టూడియోలు చాలానే పనిచేస్తున్నాయి. ఈ నియమంతో ఒక చిన్న ఆట చేసి చూడటానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు.