కుక్క మూత్రాశయంలో రాళ్లెలా పుడతాయి?

ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి వసారాలో మూత్రం పోస్తే చాలామంది కర్ర పుచ్చుకుంటారు. అది పొగరు కాకపోవచ్చు, రోగం కావచ్చు. మాటిమాటికీ మూత్రానికి కూర్చోవడం, నాలుగు చుక్కలకు మించి రాకపోవడం, ముక్కడం, మూత్రం ఎర్రగా ఉండటం, ఆ చోటును అదేపనిగా నాకుకోవడం గమనిస్తే మూత్రాశయాన్ని అనుమానించాలి.

మూత్రపిండాలు వడగట్టిన మూత్రం మూత్రాశయంలో నిలవ ఉండి, ప్రసేకం గుండా బయటికి పోతుందని మీరు చదువుకున్నారు. ఆడకుక్కల్లో ఈ ప్రసేకం పొట్టిది, వెడల్పయినది. అందుచేత బాక్టీరియాలు సులభంగా లోపలికి చేరతాయి. వాటిలో కొన్ని యూరియేజ్ అనే ఎంజైమును తయారు చేస్తాయి. అది మూత్రంలోని యూరియాను విడగొట్టగా అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా నీటిలో కరిగితే ఎర్ర లిట్మసు ఏమవుతుంది? నీలమవుతుంది కదా! ఇక్కడా అంతే. మూత్రం క్షారగుణం పొందగానే అందులోని మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసి స్ఫటికాలుగా ఏర్పడతాయి. ఇసుకరేణువంత స్ఫటికం మీద పొరలు పేరుకుని గులకరాయంత అవుతుంది. దీన్నే స్ట్రువైట్ అంటారు.

తమాషా ఏమిటంటే, ఈ రాయిని చాలాసార్లు కోత లేకుండానే కరిగించవచ్చు. బాక్టీరియాలను చంపే మందు ఇస్తూ, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ప్రత్యేకాహారం కొన్ని వారాలపాటు పెడతారు. కాల్షియం ఆక్సలేటు రాయి ఇలా కరగదు. దాన్ని బయటికి తీయవలసిందే. ఏ రాయో తెలియకుండా వైద్యం చేయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అందుకే మూత్రపరీక్ష, ఎక్స్‌రే అవసరం.

తెల్లని ఒంటిమీద నల్లమచ్చలుండే డాల్మేషియన్ కుక్కల సంగతి వేరు. తక్కిన జాతుల్లో యూరిక్ ఆమ్లం చాలావరకు కాలేయంలో అల్లంటాయిన్‌గా మారుతుంది. అల్లంటాయిన్ నీటిలో బాగా కరుగుతుంది. డాల్మేషియన్‌లలో ఒక జన్యువు లోపం వల్ల యూరిక్ ఆమ్లం కాలేయకణాల్లోకి సరిగా చేరదు. మూత్రంలో మిగిలిపోయి రాళ్లు కడుతుంది. ఆ జన్యువును 2008లో గుర్తించారు.

మగకుక్కలకు అసలు ప్రమాదం మరొకటి. వాటి ప్రసేకం ఒక చిన్న ఎముక గాడిలోంచి పోతుంది. రాయి అక్కడ ఇరుక్కుంటే మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ముక్కినా చుక్క రాకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వకండి. ఐబుప్రోఫెన్ వంటివి కుక్క మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి.

మూత్రం వస్తూ ఉంటే, శుభ్రమైన సీసాలో కాస్త పట్టి వెంట తీసుకువెళ్లండి. తాజాగా ఉంటేనే పరీక్షకు పనికొస్తుంది. పట్టాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి సుమా. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కమూత్రం ద్వారా మనుషులకూ సోకుతుంది.