మార్గరెట్ కజిన్స్: మదనపల్లె పాట వెనుక మరుగుపడిన రాజకీయ జీవితం

మార్గరెట్ కజిన్స్ (1878–1954) తెలుగువారికి ప్రధానంగా ఒక్క సందర్భంతోనే పరిచయం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు ‘జనగణమన’కు స్వరలిపి సిద్ధం చేసిన సంగీతజ్ఞురాలిగా ఆమెను స్మరిస్తాం. ఆ స్మరణ న్యాయమైనదే. కాని దాని నీడలో ఆమె రాజకీయ జీవితం మరుగుపడింది.

ఐర్లండులోని బోయిల్ పట్టణంలో జన్మించిన మార్గరెట్, 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించారు. 1910లో లండన్‌లో, 1913లో టల్లమోర్‌లో జైలుశిక్ష అనుభవించారు. కనుక 1915లో అనీబిసెంట్ ఆహ్వానంపై భర్త జేమ్స్‌తో భారతదేశానికి వచ్చేనాటికే ఆమె ఉద్యమంలో ఆరితేరినవారు. జేమ్స్ అధ్యాపకత్వం వారిని మదనపల్లెకు చేర్చింది. అక్కడి స్త్రీలతో ఆమె అనుబంధం ‘అబలా అభివర్ధని సమాజం’ ద్వారా బలపడింది. స్త్రీని బలహీనురాలిగా పేర్కొంటూనే ఆమె అభివృద్ధిని కోరిన ఆ పేరులోనే నాటి సంస్కరణ భాష పరిమితి కనిపిస్తుంది. 1917 మే నెలలో మద్రాసు అడయారులో ఏర్పడిన భారత మహిళా సంఘం పేరులో ‘అబల’ లేదు.

ఆ ఏడాది చివర భారత వ్యవహారాల మంత్రి మాంటేగ్ మద్రాసుకు వచ్చారు. స్త్రీవిద్య తదితర సంస్కరణలపై విన్నవించుకోవడానికి మార్గరెట్ అనుమతి కోరగా, రాజకీయ విషయాలపై వచ్చే బృందాలకే అవకాశమని సమాధానం వచ్చింది. ఆమె వెనుదిరగలేదు. విన్నపాన్నే రాజకీయం చేసి, ఓటుహక్కును అందులో చేర్చారు. ఓటర్లను నిర్ణయించేటప్పుడు స్త్రీలను కూడా ‘ప్రజలు’గా గుర్తించాలన్నది అందులోని కోరిక. డిసెంబరు 18న మాంటేగ్‌ను కలిసిన బృందానికి నాయకురాలు హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు. ఒక కార్యాలయ నిబంధనను ఉద్యమావకాశంగా మలచిన ఈ నేర్పులోనే, నా దృష్టిలో, మార్గరెట్ రాజకీయ పరిణతి స్పష్టంగా కనిపిస్తుంది.

1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటుహక్కు కల్పించింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో ఇదే మొదటిది. ఆస్తి అర్హత కొనసాగినందున ఆ హక్కు కొద్దిమందికే దక్కింది. ఎన్నికైన పదవి ఏదీ నిర్వహించని మార్గరెట్ మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేశారు. 1926లో కమలాదేవి చటోపాధ్యాయను మద్రాసు శాసనమండలి ఎన్నికలో పోటీకి ప్రోత్సహించారు. అయితే ప్రభుత్వ గౌరవపదవి ఆమె గొంతును కట్టలేదు. 1932లో అత్యవసర ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మద్రాసులో ప్రసంగించి, ఏడాది శిక్షతో వేలూరు జైలుకు వెళ్లారు. ఇంగ్లండు, ఐర్లండుల తరువాత ఆమె చూసిన మూడవ దేశపు జైలు అది.