కీబోర్డుకూ చెవులుంటాయి

"అక్కా, నేను మా చెల్లికి మెయిల్లో రాసిన మాట ఆయన నోట పొల్లుపోకుండా వచ్చింది. ఎలా తెలిసిందంటావ్?" అని మొన్నామధ్య మా పక్కింటావిడ అడిగింది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదట. ఆవిడ తమ్ముడు వచ్చి చూస్తే, కంప్యూటరు స్విచ్చి వేయగానే తనంతట తాను మొదలయ్యే ప్రోగ్రాముల్లో ఆవిడ ఎన్నడూ ఎరగని పేరొకటి కనబడింది. తేల్చి చెప్పలేను గానీ 'కీలాగర్' కావచ్చన్నాడు.

మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టి, దాన్ని పెట్టినవాళ్లకు చేరవేసేదే కీలాగర్. తెరమీద పాస్‌వర్డు చుక్కలుగానే కనిపిస్తుంది, దానికి మాత్రం అక్షరాలే అందుతాయి. ఇంకో రకం ఉంది. కీబోర్డు వైరుకీ కంప్యూటరుకీ మధ్య తగిలించే చిన్న బిళ్ల. ఇది యాంటీవైరస్‌కు దొరకదు, వంగి కంప్యూటరు వెనక చూడాల్సిందే. ఎలాగూ దుమ్ము దులిపేది మనమే కదా, ఓ చూపు చూడండి!

దొరికిందని వెంటనే తీసిపారేస్తే పెట్టినవాళ్లకు తెలిసిపోతుంది, సాక్ష్యమూ పోతుంది. చెయ్యి చేసుకునే మనిషున్న ఇంట్లో అది ప్రమాదం కూడా. అదే కంప్యూటరులో పాస్‌వర్డు మారిస్తే కొత్తదీ వాళ్ల చేతికే! మా పక్కింటావిడ తమ్ముడింటికి వెళ్లి మార్చుకుంది. ఆ ప్రోగ్రాము పేరు కనబడేలా తెరను తమ్ముడి ఫోనుతో ఫొటో తీయించి ఉంచుకుంది.

"మొగుడి దగ్గర దాపరికమేంటమ్మా?" అన్నారు వాళ్లత్తగారు. కవర్లు చించి ఉత్తరాలు చదివే రోజుల నుంచీ ఉన్న మాటే ఇది. కంప్యూటరు ఆయన కొన్నదే కావచ్చు, చెల్లెలికి రాసిన ఉత్తరం ఆవిడది కాదూ?

స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిలు వాడకంపై మగవాడు నిఘా పెట్టడాన్ని వెంటపడి వేధించడం కిందే లెక్కగడుతూ 2013లో శిక్షాస్మృతిలో 354డి సెక్షను చేర్చారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. మొదటిసారి నేరానికి మూడేళ్ల దాకా జైలు. భర్త కాబట్టి వదిలేయాలని అందులో ఎక్కడా లేదు. పోలీసుల దాకా వెళ్లాలా వద్దా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిందే. ముందు సలహా కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆ ఫోను మాత్రం మీ మొబైల్ నుంచి కాకుండా, పుట్టింటి నుంచో స్నేహితురాలి ఇంటి నుంచో చేయండి.