218 కోట్ల ఏళ్ల నల్లరాయి

పిల్లలూ, మన కేతేపల్లిలో బోరు వేస్తుంటే ఎప్పుడైనా చూశారా? కాస్త మట్టి పోగానే రాతిపొడి లేస్తుంది. ఎంత లోతుకు పోయినా రాయే. భూమి లోపలంతా నిప్పుల సముద్రం అనుకుంటాం గానీ, 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది దాదాపు గట్టిరాయే.

చాలాచోట్ల 100 కిలోమీటర్ల లోతున ఆ రాయి వేడి 1,300 డిగ్రీల దాకా ఉంటుంది. అంత వేడిలోనూ అది కరగదు. పైనున్న రాళ్ల బరువు కరగనివ్వదు. అక్కడి ఒత్తిడి మన మీద గాలి వేసే ఒత్తిడికి దాదాపు 30 వేల రెట్లు! ఆ రాయి మెల్లగా పైకి జరిగితే ఒత్తిడి తగ్గుతుంది. ఇక వేడి పెరగకపోయినా కరగడం మొదలుపెడుతుంది. సముద్రం అడుగు నుంచి నీళ్లు లోపలికి చేరినా కరుగుతుంది. అలా కరిగిన రాయే మాగ్మా. చుట్టూ ఉన్న రాయికన్నా తేలిక కాబట్టి పగుళ్లు వెతుక్కుంటూ పైకొస్తుంది.

మరి అగ్నిపర్వతం పేలడం ఎందుకు? అది వాయువుల పని. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాగ్మాలో కరిగి ఉంటాయి. గోలీసోడాలో గోలీ నొక్కగానే నురగ ఎలా తన్నుకొస్తుందో, పైకొచ్చేకొద్దీ ఇవీ అలాగే బుడగలై తన్నుకొస్తాయి. పలచటి మాగ్మా అయితే బుడగలు తేలిగ్గా బయటపడతాయి, లావా పారుతుంది. చిక్కటిదైతే బుడగలు లోపలే ఇరుక్కుని చివరికి కొండనే బద్దలు కొడతాయి.

అన్ని మాగ్మాలూ పైదాకా రాలేవు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో గ్రానైట్ మధ్య నుంచి నల్లరాయి గోడలా కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. క్వారీల్లో దాన్ని బ్లాక్ గ్రానైట్ అంటారు. అసలు పేరు డోలరైట్. పగుల్లో ఎక్కుతూ దారిలోనే గట్టిపడిన మాగ్మా అది! మహబూబ్‌నగర్ వైపు గోడల్లో కొన్నింటి వయసు దాదాపు 218 కోట్ల ఏళ్లు. అంచున రాయి నున్నగా, గింజ కనపడకుండా ఉంటుంది, ఎందుకంటే అక్కడ చప్పున చల్లారింది. నడిమధ్య నిదానంగా చల్లారింది కాబట్టి గింజలు కంటికి ఆనుతాయి.

నారాయణపేట, కోటకొండ వైపు మాగ్మా 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి దూసుకొచ్చింది. అది దాదాపు 110 కోట్ల ఏళ్ల నాటి సంగతి. ఆ మాగ్మా పైకొచ్చిన గొట్టాల్లాంటి దారుల్లో మిగిలిన రాయిని కింబర్లైట్ అంటారు. అనంతపురం జిల్లా వజ్రకరూర్‌లో ఇలాంటి గొట్టాల్లోనే వజ్రాలున్నాయి.

ఇప్పుడు మన దగ్గర పేలే కొండ లేదు. భూమి పైపొర పెద్దపెద్ద పలకలుగా ఉంటుంది. అగ్నిపర్వతాలు ఎక్కువగా వాటి అంచుల్లోనే పుడతాయి. మనం పలక నడుమ ఉన్నాం. కేతేపల్లికి సుమారు 1,600 కిలోమీటర్ల దూరంలో, అండమాన్ సముద్రంలో బ్యారెన్ దీవి ఉంది. దేశంలో ఇప్పటికీ రగిలేది అదొక్కటే. 150 ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది, 2017లోనూ బూడిద కక్కింది. అక్కడ మనుషులు ఉండరు. ఎప్పుడో ఎవరో వదిలిన మేకలు మాత్రం అడవి మేకలై తిరుగుతుంటాయి.