ఢిల్లీ లేఖ: కావలివానికి కావలి ఎవరు?

ప్రశ్నోత్తరాల వేళ లెక్కలు చెప్పడానికి మంత్రులు ఎన్నడూ వెనుకాడరు. ఎన్ని యంత్రాలు నెలకొల్పిందీ, ఎన్ని కోట్లు వెచ్చించిందీ సభ ముందుంచుతారు. ఆ యంత్రాలలో ఈ ఉదయం ఎన్ని పలికినవన్న అనుబంధ ప్రశ్న మాత్రం ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న నాకు అరుదుగా వినిపిస్తుంది. అసలు ప్రశ్న అదే.

2004 డిసెంబర్ 26 నాటి సునామీ రెండు లక్షలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. అప్పటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ అంటూ లేదు. 2007 అక్టోబర్‌లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో మన కేంద్రం వెలసింది. భూకంప మాపకాలు, తీరాన ఆటుపోట్లను కొలిచే పరికరాలు, సముద్రగర్భంలో నీటి ఒత్తిడిని కనిపెట్టే యంత్రాలు, వాటి సందేశాన్ని ఉపగ్రహానికి అందించే బోయాలు దానికి కళ్లూ చెవులూ.

ఒక బోయా మూగవోయినదనుకుందాం. సముద్రం శాంతంగా ఉన్నదని అర్థమా, బోయాయే చెడిపోయినదని అర్థమా? రెండు మౌనాలూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే విశేషమేమీ లేనప్పుడు కూడా నిర్ణీత వ్యవధికొకసారి అది పలకాలన్న ఏర్పాటు. పూర్వం గస్తీ తలారి దొంగ వచ్చినప్పుడే కాక జాము జాముకూ కేకవేసేది ఇందుకే. కేక వినబడని జామున ఊరు మేల్కొనాలి.

అయితే మౌనాన్ని గుర్తించడమే చాలదు, గుర్తించినవారు కదలాలి. 2018 సెప్టెంబర్ 28న ఇండోనేషియాలోని పాలూ నగరాన్ని భూకంపమూ, సునామీ ముంచెత్తినవి. ఆ దేశపు 22 బోయాలూ 2012 నుంచి పనిచేయడం లేదని అక్కడి విపత్తుల సంస్థ ప్రతినిధే వెల్లడించారు. నిర్వహణకు నిధులు కరువైనవి. బోయాలను దుండగులు ధ్వంసం చేశారు. పాలూలో అల నిమిషాలలోనే ఒడ్డు చేరింది గనుక బోయాలుంటే అందరూ బ్రతికేవారని చెప్పలేము. కాని ఆరేళ్ల మౌనాన్ని సహించిన పాలనకు సమర్థన లేదు.

మరి హైదరాబాదు కేంద్రమే మూగవోతే? 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలు కూడా ఇదే సముద్రాన్ని కనిపెట్టుకుని ఉన్నవి. సందేశాలు చేరుతున్నవో లేదో పరీక్షించడానికి తీరదేశాలు 2009 నుంచి ఐఓవేవ్ పేరిట విన్యాసాలు జరుపుతున్నవి. ఈ గొలుసుకు చివరి లంకె బెస్తపల్లె. ఒడిశాలోని వెంకట్రాయపూర్, నోలియాసాహి 2020లో సునామీకి సంసిద్ధమైన గ్రామాలుగా యునెస్కో గుర్తింపు పొందినవి.

నిర్వహణ వ్యయానికి ప్రారంభోత్సవమూ లేదు, శిలాఫలకమూ లేదు. కోత పడేది ముందుగా దానికే. గౌరవసభ్యులు ఈసారి ఎన్ని పెట్టారని కాక, నిన్న ఎన్ని పలికినవి, పలకనిదానిని ఎన్నాళ్లకు బాగుచేశారు అని అడగాలి.