ఊటీ కొండవాలు మీద రేడియో దూరదర్శిని

“ఇంకో అయిదేళ్ళు చూసి ఇండియా వెళ్ళిపోదాం” అనుకోని కుటుంబం మన సంఘంలో ఉండదేమో! ఆ మాట అనుకోవడమే కాదు, నిజంగా వెళ్ళిపోయిన శాస్త్రజ్ఞుడు గోవింద్ స్వరూప్ (1929-2020).

అలహాబాదులో భౌతికశాస్త్రం చదివిన స్వరూప్ 1956లో టెక్సాస్‌లోని ఫోర్ట్ డేవిస్‌కు, హార్వర్డ్ వారి రేడియో కేంద్రానికి వచ్చారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో బ్రేస్‌వెల్ వద్ద డాక్టరేట్ చేశారు. అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగమూ దొరికింది. ఇక స్థిరపడటమే తరువాయి.

అయితే 1961లో ఆయన, విదేశాల్లోనే ఉన్న కుందు, మీనన్, కృష్ణన్‌లతో కలిసి, స్వదేశంలో రేడియో ఖగోళశాస్త్రం మొదలుపెడతామని అక్కడి సంస్థలకు ఉత్తరాలు రాశారు. కొద్ది నెలల్లోనే హోమీ భాభా సరేనంటూ తంతి పంపారు. 1963లో స్వరూప్ బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థలో చేరారు. కుందు కూడా వెళ్ళారు గాని, 1968లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి వచ్చేశారు. తప్పుపట్టడానికి మనమెవరం లెండి!

డబ్బు తక్కువ, పరికరాలు తక్కువ. ఉన్నదల్లా భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం. స్వరూప్ దాన్నే పెట్టుబడి చేసుకున్నారు. దూరపు రేడియో మూలాలు మామూలు దూరదర్శినికి మసకగా కనిపిస్తాయి. చంద్రుడు అడ్డు వచ్చినప్పుడు ఆ సంకేతం తగ్గే తీరును బట్టి వాటి పరిమాణం, స్థానం కచ్చితంగా కట్టవచ్చు. అందుకు చంద్రుడి వెంట గంటల తరబడి తిరిగే పెద్ద యాంటెన్నా కావాలి. ఊటీ అక్షాంశం సుమారు 11 డిగ్రీలు. ఉత్తర దక్షిణాలుగా అంతే వాలున్న కొండ అక్కడ దొరికింది. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల యాంటెన్నాను ఆ వాలు మీద పరిచేసరికి దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరమైంది. ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, తొమ్మిది గంటలకు పైగా ఆకాశాన్ని వెంబడిస్తుంది. ఇంజనీరు మిత్రులకు ఇందులోని పొదుపు వేరే చెప్పనక్కరలేదు.

1970లో అది పనిచేయడం మొదలుపెట్టింది. వందలాది దూరపు మూలాలను కొలిచి, 1975లో స్వరూప్, ఆయన శిష్యుడు విజయ్ కపాహీ ఒక సంగతి తేల్చారు: సంకేతం బలహీనమైన కొద్దీ మూలం చిన్నదిగా కనబడుతోంది. విశ్వం ఎప్పుడూ ఒకేలా లేదనడానికి, మహావిస్ఫోట సిద్ధాంతానికి, అది అండగా నిలిచింది.

ఆ తర్వాత పుణె దగ్గర నారాయణ్‌గావ్ ప్రాంతంలో 45 మీటర్ల డిష్‌లు 30 కట్టించారు. తీగల వలతో తేలికగా కట్టినవవి. ఈసారి సెలవుల్లో పిల్లలను ఊటీ తీసుకెళ్ళేవారు బొటానికల్ గార్డెన్‌తో ఆగిపోకుండా, ముత్తోరై వైపు కూడా వెళ్ళి ఆ కొండవాలును చూపించండి.