బహుపదుల సంకీర్ణ శూన్యములు: కల్పితశబ్ద విచారము

బీజగణితమున ఒక బహుపది విలువను సున్న చేయు సంఖ్యకు శూన్యమనియు, దానిని నిశ్శేషముగా భాగించు బహుపదికి కారణాంకమనియు పేర్లు. ఈ రెండింటి సంబంధమును గ్రహించుటలో 'కల్పితసంఖ్య' యను పారిభాషిక పదము తరచుగా అడ్డుపడుచున్నది. కల్పితమనగా లేనిదని అర్థము చేసికొనుటయే ఇందులకు కారణము.

ఋణసంఖ్యకు వర్గమూలము లేదని 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున చెప్పెను. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథమునే. వాస్తవసంఖ్యల మేరకు ఆ మాట నిర్దుష్టము. 1572లో ఇటలీ దేశీయుడగు బొంబెల్లి అట్టి మూలములతో గణించుటకు నియమములు ప్రకటించెను. 1637లో దెకార్తు వానిని కల్పితములని పేర్కొనగా ఆ పేరే స్థిరపడెను.

ఒక ఉదాహరణమును పరిశీలింతము. మన ప్రాచీనులు అవ్యక్తరాశిని యావత్తావత్తని పిలిచి 'యా' యని సంక్షేపించిరి. ఇచ్చట దానిని 'య' అందము. య⁴ + 4 అను బహుపదికి వాస్తవశూన్యము లేదు. ఏలయన య⁴ ఎన్నడును ఋణము కాదు. కావున దీనికి వాస్తవ గుణకములుగల కారణాంకములును లేవని తోచును. 1702లో లైబ్నిజ్ అంతటివాడు సైతము ఈ జాతి బహుపదులను గూర్చి అట్లే తలచెను. కాని 4య²ను కలిపి తీసివేసినచో,

య⁴ + 4 = (య² + 2)² − (2య)²
= (య² + 2య + 2)(య² − 2య + 2)

రెండవ కారణాంకము శూన్యములు 1 + √(−1), 1 − √(−1). మొదటిదాని శూన్యములు −1 + √(−1), −1 − √(−1). గుణకములు వాస్తవములైనపుడు ఇట్టివి సంయుగ్మములై జంటలుగనే వచ్చును. రెండవ కారణాంకపు జంట మొత్తము 2, లబ్ధము 2. మొదటి కారణాంకపు జంట మొత్తము −2, లబ్ధము 2. కల్పితభాగము కూడికలో రద్దగును, గుణకారమున వాస్తవమగును. కనుకనే ప్రతి వాస్తవ బహుపదియు ఏకఘాత, ద్విఘాత వాస్తవ కారణాంకములుగా విడివడును. 1799లో గౌస్ దీనికి ఉపపత్తి చూపెను. అందలి లోపమును 1920లో ఆస్త్రోవ్‌స్కీ పూరించెను.

వ్యాకరణవేత్తలకు ఇది అపరిచితము కాదు. పాణినీయమున ప్రత్యయములందలి ఇత్తులు ప్రయోగమున వినబడవు. గుణవృద్ధులు కలుగుటను, కలుగకుండుటను నిర్ణయించి లోపించును. వానిని అసత్యములని ఎవరును అనరు. కల్పితభాగమును అట్టిదే. కావున నిఘంటువులందు 'కల్పిత' శబ్దమునకు 'అవాస్తవము' అని మాత్రమే అర్థము వ్రాసి విడుచుట చాలదు. 'సంకీర్ణ' శబ్దముతో దానికిగల సంబంధమును కూడ చూపవలెను.